తాడు పట్టినవాళ్ళ వాటా

కేథరిన్ లెక్చరర్‌గా చేరేనాటికి విశాఖలోని ఆ ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపు వెనక ఒక తుక్కు గుట్ట ఉండేది. ఫైనలియర్ పిల్లలు ప్రాజెక్టు కోసం చేసిన యంత్రాలు మార్కులు పడగానే అక్కడికి చేరేవి. వానకి తుప్పు పట్టి, వేసవిలో పాత ఇనుము కొనేవాడి బండెక్కేవి. వాటిలో ఒక్కటైనా గేటు దాటి ఏ పల్లెకో పనికొచ్చిందని ఎవరూ చెప్పుకోలేదు.

ఆమె తండ్రి ఎడ్వర్డ్ పోర్టులో క్రేన్ నడిపినవాడు. ఆ ఇంట్లో యంత్రమంటే బరువెత్తేది. సరిగ్గా ఎత్తకపోతే కింద ఉన్నవాడి ప్రాణం మీదికి వచ్చేది. అలా పెరిగిన మనిషికి ఆ గుట్ట చూస్తే చిరాకు. జనానికి పనికొచ్చే విద్యార్థుల ప్రాజెక్టులకు డబ్బిచ్చే సంస్థలున్నాయని తెలుసుకుని అర్జీలు పెట్టడం మొదలుపెట్టింది.

పక్క కుర్చీలో కూర్చునే దుర్గారావు నవ్వేవాడు. "పాఠం చెప్పినా అదే జీతం, అర్జీలు రాసినా అదే జీతం. మీకెందుకండీ మేడమ్ ఈ తలకాయ నొప్పి?"

మొదటి అర్జీకి జవాబే రాలేదు. రెండోదానికి, దీనివల్ల ఎవరికి మేలో తెలియడం లేదని జవాబొచ్చింది. ఆ మాట నిజమేననిపించింది ఆమెకి.

తొంభై ఏడులో నాగబాబు ఫైనలియర్‌కి వచ్చాడు. భీమిలి దగ్గర పల్లె వాళ్ళది. తండ్రి సముద్రం మీద వేటకి వెళ్ళే మనిషి; పడవను ఒడ్డుకి లాగుతుంటే నడుం పట్టేసి మంచాన పడ్డాడు.

"నీటి మీద ఉన్నంతసేపూ పడవ బరువు తెలీదు మేడమ్. ఒడ్డుకొచ్చాకే మనిషిని సంపుతాది," అన్నాడు. "సేత్తో తిప్పితే తాడు సుట్టుకుని లాగే వించ్ ఒకటి సేసి ఇసకలో పాతితే పదిమంది పని ముగ్గురు సేత్తారండి."

పదిమంది పని ముగ్గురు. ఆ మాట మీదే అర్జీ అంతా నిలబడింది. ఈసారి ఢిల్లీలోని ఒక సంస్థ ఒప్పుకుని మొదటి విడత డబ్బు పంపింది.

వించ్ తయారైంది. ఇసకలో లోతుగా దుంగ పాతి దానికి బిగించారు. ముగ్గురు కుర్రాళ్ళు పిడి తిప్పుతుంటే పడవ నెమ్మదిగా, ఆగకుండా పైకి వచ్చింది. ఒడ్డున ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. కేథరిన్ కూడా నవ్వుతూ చుట్టూ చూసింది. కొంచెం ఎడంగా కొందరు ఆడవాళ్ళు ఊరికే నిలబడి ఉన్నారు. వాళ్ళలో నాగబాబు మేనత్త పోతమ్మ ఉంది. మొగుడు పోయి చాలా ఏళ్ళయిన మనిషి.

"ఏంటమ్మా, అలా నిలబడిపోయారు?" అని అడిగింది కేథరిన్.

"మరేటి సెయ్యమంతారమ్మా? తాడు అట్టుకుంటే పిడికెడు సేపలు ఏత్తారు. కూరకుంచుకుని మిగిల్నవి అమ్ముకుంతాను. ఇయాల తాడు అట్టుకునే పనే నేదు. పని సెయ్యకుండా సెయ్యి సాపితే అడుక్కున్నట్టుంతాది."

ఆమె కోపంగా అనలేదు. సంగతి చెప్పి, ఖాళీ బుట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు కేథరిన్ ఆ మాట ఎత్తితే నాగబాబు ముఖం మాడిపోయింది. "మా అత్త వాటా సంగతి నాకు తెలీదా మేడమ్? ఆ వాటా కోసం ఇంకెంతమంది నడుములు పోవాలి?"

ఇద్దరి మాటా నిజమే.

రెండో విడత రావాలంటే జరిగిన పని గురించి రిపోర్టు పంపాలి. యంత్రం బాగా పనిచేసిందని రాసి, తాడు లాగే ముసలివాళ్ళకూ విధవలకూ దీనివల్ల వాటా పోతోందని కూడా రాసింది. ప్రిన్సిపాల్ చదివి, ఆ పేరా తీసెయ్యమన్నాడు.

"పదిమంది పని ముగ్గురు చేస్తారని మనమే రాశామండీ," అంది కేథరిన్. "మిగతా ఏడుగురి సంగతి కూడా మనమే రాయాలి కదండీ."

రిపోర్టు అలాగే వెళ్ళింది. రెండో విడత రాలేదు. సగం చేసిన రెండో వించ్ తుక్కు గుట్ట మీదికి చేరింది. పిల్లలు కొన్నాళ్ళు ఆమెతో ముభావంగా ఉన్నారు. పల్లెలో మాత్రం పెద్దలు కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నారు: గాలి ఎక్కువగా ఉన్నప్పుడూ, మనుషులు చాలనప్పుడూ వించ్, మిగతా రోజుల్లో తాడే. అది కొన్నాళ్ళు నడిచింది, కొన్నాళ్ళు నడవలేదు. నాగబాబు తండ్రి లేచి మళ్ళీ వేటకి వెళ్ళాడు.

కేథరిన్ ఆదివారాలు చర్చి అయ్యాక ఆ పల్లెకి వెళ్ళడం మానలేదు. ఈసారి ఆడవాళ్ళ దగ్గర కూర్చుంది. వాళ్ళ బాధ పడవ గురించి కాదు, బస్సు గురించి. బుట్టలోంచి చేపల నీళ్ళు కారుతున్నాయని కండక్టర్లు విశాఖ బస్సు ఎక్కనివ్వడం లేదు. అడుగున నీళ్ళు నిలిచే అర, పైన బిగుతు మూత ఉన్న ఫైబర్ టబ్బు చేస్తే ఎలా ఉంటుందని అడిగింది.

"బాగుంతాది," అంది పోతమ్మ.

"దీనివల్ల ఎవరికైనా నష్టమా?"

పోతమ్మ రోడ్డు వైపు చూసింది. "బస్సెక్కనివ్వకపోతే భీమిలి బజారుకి రిచ్చాలో ఎల్తాం. ఆ రిచ్చావోడికి బేరం పోద్ది."

ఆ మాట కొత్త అర్జీలో చేరింది. హైదరాబాదులో ఇంకో సంస్థ ఇంటర్వ్యూకి పిలిచింది. బల్లకి అవతల కూర్చున్న పెద్దమనిషి, "మీ పాత ప్రాజెక్టు మధ్యలో ఆగిపోయింది కదమ్మా?" అన్నాడు.

"డబ్బు ఆగిందండి. వించ్ ఒడ్డునే ఉంది, వాడుతున్నారు."

"ఇందులో రిక్షా అతనికి నష్టమని మీరే రాశారు."

"అవునండి. అతనితో మాట్లాడాం. కోపంగానే ఉన్నాడు."

ఆయన నవ్వి, కాగితం మీద ఏదో రాసుకున్నాడు. కొన్ని నెలల తర్వాత మంజూరు వచ్చింది. అప్పటికి నాగబాబు చదువు పూర్తయి స్టీల్ ప్లాంట్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాడు. టబ్బులు చేసింది జూనియర్లు. సెలవు దొరికినప్పుడల్లా అతనూ వచ్చి కూర్చునేవాడు. మొదటిది కారింది. రెండోదాని మూత ఒకసారి బిగిస్తే మళ్ళీ ఊడలేదు. మూడోది నిలిచింది.

పోతమ్మ దాన్ని బస్సెక్కించిన రోజు కేథరిన్ వెనక సీట్లో ఉంది. కండక్టరు వంగి టబ్బు అడుగు తడిమి చూశాడు. వేలికి తడి అంటలేదు.

"లగేజీ టికెట్టు తీసుకో," అన్నాడు.

"టికెట్టు ఒద్దని నానెప్పుడన్నాను బాబూ? నువ్వే ఎక్కనిచ్చీవోడివి కాదు."

వాసన మాత్రం మూతకి ఆగలేదు. పోతమ్మ పక్కనున్నాయన ముక్కు మూసుకుని లేచి ముందుకి వెళ్ళిపోయాడు. కేథరిన్ వెళ్ళి ఆ ఖాళీ సీట్లో కూర్చుంది. భీమిలి రోడ్డు మీద బస్సు ఊగుతుంటే ఇద్దరూ చెరో చెయ్యి టబ్బు మీద వేసి పట్టుకున్నారు.