పసుపు బొట్టు పెట్టిన డిస్కులు

మేడ్చల్ బస్టాండు ఎదుటి సందులో రాఘవేందర్ పాత కంప్యూటర్ల దుకాణం తెరిచినప్పుడు ఊళ్ళో చాలామంది నవ్వారు. పాత ఇనుము కొనేవాడికీ వీడికీ తేడా ఏమిటన్నారు. తేడా ఉంది మరి. దుండిగల్ వైపు కాలేజీలకైనా, కుత్బుల్లాపూర్ కంపెనీలకైనా పాత కంప్యూటర్లు అమ్మేటప్పుడు ఒకటే భయం, లోపలి హార్డ్ డిస్కులో ఉన్న తమ గుట్టు ఎవరి చేతిలో పడుతుందోనని. డిలీట్ కొడితే ఏదీ పోదు, పైకి కనపడదంతే. తెలిసినవాడు మళ్ళీ బయటికి లాగుతాడు. నిజంగా పోవాలంటే డిస్కు మొదటినుంచి చివరిదాకా సున్నాలు రాసుకుంటూ పోవాలి. అందుకని ప్రత్యేకంగా మిషన్లున్నాయి గానీ, అవి కొనాలంటే దుకాణం మొత్తం అమ్మినా చాలదు.

రాఘవేందర్ ఏం చేశాడంటే, ఒక డొక్కు కంప్యూటర్ క్యాబినెట్ మూత పీకేసి, నాలుగు డిస్కులకు ఒకేసారి వైర్లు తగిలించి, వేడెక్కకుండా పక్కన టేబుల్ ఫ్యాను పెట్టాడు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన ప్రోగ్రాం ఉన్న సీడీ వేసి ఎంటర్ నొక్కితే నాలుగూ కలిసి తుడుచుకుపోయేవి. మా దగ్గర తుడిచింది దేవుడొచ్చినా తిరిగి తేలేడని గొప్పలు పోయేవాడు. పాపం, ఆ ఒక్క గొప్పా నిజమే.

తుడవాల్సిన డిస్కులకు గుర్తుగా పసుపు బొట్టు పెట్టేవాడు. స్కెచ్ పెన్ను మరక పోదు, స్టిక్కరు బంక వదలదు, కొనేవాడు మొహం చిట్లిస్తాడు. పసుపైతే తడిగుడ్డతో పోతుంది. పైగా వాళ్ళింట్లో పసుపుకు కొదవా! తండ్రి గౌరయ్య ఒగ్గు కథ చెప్పే మనిషి, డోలు మీద దేవుళ్ళ కథలు పాడేవాడు. దేవుడి పసుపు, వాళ్ళ మాటలో బండారి, సంచిలో లేనిదే గడప దాటేవాడు కాదు. ఆ సంచిలోంచే కొడుకు చిటికెడు తెచ్చుకునేవాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు. దుకాణం సంగతులు ముసలాయనకెందుకులే అనుకున్నాడు.

శామీర్‌పేట చుట్టుపక్కల పల్లెల్లో గౌరయ్య గొంతెత్తితే జనం కూర్చున్నచోటు నుంచి కదిలేవారు కాదు. అలాంటి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది, గొంతు పోయింది. అప్పటినుంచి గాలి తప్ప ఏమీ రాదు. నోటి దగ్గర చెవి పెడితేనే మాట అందుతుంది.

బహదూర్‌పల్లి కాలనీలో పట్టాభిరామయ్య అని ఒకాయన ఉన్నాడు. గోదావరి వైపు నుంచి ఉద్యోగానికొచ్చి, ఈ ఒగ్గు కథ పిచ్చిలో పడి, ఏళ్ళ తరబడి టేప్‌రికార్డరు పట్టుకుని గౌరయ్య వెంట తిరిగాడు. క్యాసెట్లకు బూజు పడుతుంటే అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి వాటిని పారేశాడు. ఇప్పుడు ఆ కంప్యూటర్ డిస్కు కటకటమంటోందని విప్పించి, రాఘవేందర్ దుకాణానికి తెచ్చిచ్చాడు.

"మీ నాన్నగారి గొంతు మొత్తం ఇందులోనే ఉందయ్యా. ఇంకెక్కడా లేదు. సీడీల్లోకి దించి ఆయనకో సెట్టు, నాకో సెట్టు ఇయ్యి."

అది ఒక్క పూట పని. రాఘవేందర్ ఆ డిస్కును సొరుగులో పెట్టి, కాలేజీ డిస్కులు ముందేసుకున్నాడు. సొంత పనేగా, ఎక్కడికి పోతుంది అనుకున్నాడు. ఇంటి పనంటే ఎవరికైనా అలుసే. గౌరయ్య రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుని, అయిందా అని చేత్తో అడిగేవాడు. పండుగ కానీ బాపు, అనేవాడు కొడుకు.

పండుగ వచ్చింది, దసరా. ఆయుధపూజకు రాఘవేందర్ బంతిపూలకు వెళ్ళాడు. ఈలోగా గౌరయ్య దుకాణం ఊడ్చి, సుత్తి, స్క్రూడ్రైవర్లు, కాలేజీ డిస్కులు వరసగా పేర్చాడు. సొరుగులోంచి తన డిస్కు కూడా తీసి అన్నిటికన్నా ముందు పెట్టాడు. ఎన్నేళ్ళో తనకు అన్నం పెట్టిన గొంతు అది, దాన్ని చీకట్లో వదిలి స్క్రూడ్రైవర్లకు పూజ చేస్తాడా? అన్నిటికీ నిండుగా బండారి బొట్లు పెట్టాడు.

పూజయ్యాక మిషన్ ఒక్కసారైనా తిప్పాలి, అది పద్ధతి. రాఘవేందర్ కొబ్బరికాయ కొట్టి, ముందు వరసలో పసుపు బొట్టున్న నాలుగు డిస్కులూ తీసి తగిలించాడు. సుత్తి మీద కూడా బొట్టుంది, ఇది పూజ బొట్టని ఆ బుర్రకు ఎక్కొద్దూ! ఎక్కలేదు. పెద్దల చేతి మీదుగా అయితే మంచిదని తండ్రి వేలు పట్టుకుని ఎంటర్ నొక్కించాడు. ఇద్దరూ సంతోషంగా ఇంటికి పోయి భోంచేశారు.

మర్నాడు సీడీల పనికని సొరుగు తెరిస్తే తండ్రి డిస్కు లేదు. పరుగున పోయి క్యాబినెట్‌లోని డిస్కులు ఊడబెరికాడు. ఒకదాని అడుగున పట్టాభిరామయ్య చేతిరాత ఉంది. రాఘవేందర్ దాన్ని సంచిలో వేసుకున్నాడు. తరవాత హైదరాబాదంతా తిరిగి తెలిసినవాళ్ళను అడిగాడు. ఎవరు చూసినా, బాగా తుడిచావన్నారు.

పట్టాభిరామయ్యకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన ఒక్క మాటన్నాడు. "బొట్టు సంగతి, ఆయన వేలితో మీట నొక్కించిన సంగతి ఆయనకు చెప్పకు."

సాయంత్రం తండ్రి ఎదురుగా కూర్చుని, "బాపు, నీ పాటలున్న డిస్కు నేనే తుడిచిన. చూస్కోక తుడిచిన" అన్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. గౌరయ్య తిట్టలేదు. కొడుకు మెడ పట్టి దగ్గరికి లాక్కుని, చెవిలో గాలిగా అన్నాడు.

"పోతే పోనీ బిడ్డా. పెట్టెల ఉన్నదే గద పోయింది. నీకు యాదికున్నది గద. చిన్నప్పుడు నా ముంగటనే కూసుంటుంటివి."

కూర్చునేవాడు, నిజమే. డోలు మొదలయ్యేదాకా ముందు వరసలో కూర్చుని, తండ్రి కళ్ళు మూసుకుని కథలో పడగానే లేచి దోస్తుల దగ్గరికి జారుకునేవాడు. కొంచెం పెద్దయ్యాక, కాళ్ళకు గజ్జెలు కట్టుకునే తండ్రిని చూసి బళ్ళో పిల్లలు నవ్వుతారని ఆ దరిదాపులకే పోలేదు. తండ్రి చెప్పిన కథల్లో ఒక్కటి కూడా చివరిదాకా వినలేదు. తండ్రికి ఆ సంగతి ఇన్నేళ్ళూ తెలియలేదు.

"ఒక్క ముక్క జెప్పు, నేనింట" అన్నాడు గౌరయ్య.

రాఘవేందర్ నోరు తెరిచాడు. మొదటి మాట కూడా రాలేదు. గౌరయ్య తొందరపెట్టలేదు. కొడుకు నోటి దగ్గరికి చెవి తెచ్చి, కళ్ళు మూసుకుని అలాగే కూర్చున్నాడు.