మాట్లాడుతూ ఉండు బావా

మొన్న మా చెల్లెలి కూతురికి కృష్ణపట్నం దగ్గర కరెంటు ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. కంపెనీ బస్సు వాళ్ళ వీధిదాకా రాదని ఒక స్కూటరు కొనుక్కుని, దానికి ముందూ వెనకా ఎర్రటి ఎల్ అక్షరం అంటించుకుని, పెద్దమ్మా నువ్వు వెనక కూర్చుంటే నాకు ధైర్యంగా ఉంటుందని నన్ను ఎక్కించుకుని పెద్దరోడ్డు మీదికి తీసుకుపోయింది. పిల్ల బాగానే నడిపింది. నెమ్మది లేనిది నాకే. ముందు పోతున్న టిప్పరు కనబడినప్పుడల్లా నా కుడికాలు, వెనక కూర్చున్నవాళ్ళకు లేని బ్రేకును వెతుక్కుంటూ కిందికి నొక్కుకునేది. ఇంటికొచ్చేసరికి పిక్క పట్టేసింది. సాయంత్రం వసారాలో కాలికి నూనె రాసుకుంటూ కూర్చుంటే, ఇదే కాలు ఇలాగే బ్రేకు కోసం తడుముకున్న పాత రోజులన్నీ వరసగా కళ్ళముందుకొచ్చినాయి.

అప్పటికి నాకు ముప్పై దాటింది. మాది తోటపల్లి గూడూరు పక్క పల్లె. మా ఆయన నాకు సొంత మేనత్త కొడుకే, అందుకే పెళ్ళయినాక కూడా బావా అనే పిలుపు మారలేదు. రొయ్యల మేత అమ్మే దుకాణం తరఫున గుంటల వెంట తిరిగి, రొయ్య ఎలా పెరుగుతున్నదీ చూసి, ఏ మేత ఎంత వెయ్యాలో రైతులకు చెప్పి, ఆర్డర్లు రాయించుకొచ్చే పని ఆయనది. పొద్దున బండెక్కితే పొద్దుగూకేదాకా దాని మీదే ఉండేవాడు. ఇంట్లో మాత్రం నోట్లో నాలుక ఉందా అనిపించేంత తక్కువ మాట్లాడేవాడు. నేను అడిగినదానికి ఊఁ అనో, లేదనో అంటే అదే గొప్ప. ఆ కాలపు మగవాళ్ళు చాలామంది అంతే, నా ఈడువాళ్ళకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

అలాంటి మనిషి ఒకరోజు అన్నం తింటూ తింటూ చెయ్యి కొయ్యబారి, కళ్ళు తేలేసి, పక్కకు ఒరిగిపోయాడు. మా అత్త ఆయన చేతిలో ఇనుప తాళాలు పెట్టింది, నేను ఏడుస్తూ వీధిలోకి పరిగెత్తినాను. కొద్దిసేపటికి ఆయనే లేచి కూర్చుని ఏమయిందని మమ్మల్ని అడిగాడు. రెండోసారి ఒక గుంట గట్టు మీద వచ్చింది, రైతు పక్కనే ఉండి పట్టుకున్నాడు గానీ లేకపోతే నీళ్ళలో పడేవాడే. నెల్లూరులో పెద్ద డాక్టరు గారు మాత్రలు రాసిచ్చి, ఇది మూర్ఛ, మందులతో అదుపులో ఉంటుంది, బండి మాత్రం ఇక ముట్టుకోవద్దని గట్టిగా చెప్పినారు.

బండి లేకపోతే ఆయన పని లేదు. గుంటలన్నీ బస్సు పోని చోట్లే ఉంటాయి. జబ్బు సంగతి తెలిస్తే దుకాణం వాళ్ళు ఇంకొకరిని చూసుకుంటారని ఆయనకు భయం, చెప్పకుండా తనే బండి తీస్తాడేమోనని నాకు భయం. బండి తాళం బియ్యం డబ్బాలో దాచిపెట్టి, అది అక్కడే ఉందో లేదో ఊరికే తడిమి చూసుకుంటూ ఉండేదాన్ని. ఆయన ఆ బండి పక్కన కూర్చుని దాని చైనుకు నూనె వేసుకుంటూ, మళ్ళీ తుడుచుకుంటూ గడిపిన ఆ రోజుల్లోనే నేను తెగించి, నాకు నేర్పించు, నేను నడుపుతాను, నువ్వు వెనక కూర్చో అన్నాను. ఆయన నా మొహం చూడకుండా లేచి పోయాడు. మా అత్త అయితే, ఒకడు పడింది చాలదా, ఇద్దరూ పడితే ఆ పసిబిడ్డ నా నెత్తిన పడతాడని శాపనార్థాలు పెట్టింది. మా అబ్బాయి అప్పటికి ఇంకా బడిలో చేరలేదు.

రెండు పూటలు అన్నం సరిగా తినలేదాయన. మర్నాడు తెల్లవారేసరికి నా మంచం పక్కకొచ్చి, "మేయ్, లెయ్. ఎండెక్కితే నేల కాలతాది," అన్నాడు.

ఉప్పు పండించే కయ్యల పక్కన గట్టినేల ఒకటుంది, సముద్రం గాలి తప్ప అడ్డం వచ్చేది ఏదీ ఉండదు. అక్కడ నేర్పించినాడు. అప్పట్లో మా పల్లెల్లో గేర్ల బండి నడిపే ఆడమనిషిని నేను చూడలేదు. చీర చక్రంలో పడుతుందని పంజాబీ డ్రస్సు కుట్టుకుంటే, పెళ్ళి కాని పిల్ల బట్టలు వేసుకున్నట్టు వీధి దాటేదాకా సిగ్గుతో చచ్చేదాన్ని. క్లచ్చి వదిలితే బండి గుర్రంలా ఎగిరేది, పట్టుకుంటే ఆగిపోయేది. మోచేతులు, మోకాళ్ళు కొట్టుకుపోయినాయి. ఇంట్లో మాట్లాడని మనిషి అక్కడ మాత్రం నా చెవి దగ్గర ఒకటే మాట చెప్పేవాడు, "వొక్కసారే తొక్కబాక. ముందు అద్దంలో చూడు. ఎనకాల వొచ్చేవాడికి నువ్వు ఆగబోతుండావని తెలియాల. తెలిసినాకే ఆగు." ఆ ఖాళీ నేలలో వెనకాల వచ్చేవాడెవడని నేను విసుక్కుంటే, ఉన్నాడనుకో అనేవాడు. లేని లారీకి ఇండికేటరు వేసి, లేని బస్సుకు దారి ఇచ్చి, అలా నేర్చుకున్నాను.

లైసెన్సు చేతికొచ్చినాక నెల్లూరు ఊళ్ళోకి తీసుకుపోయినాడు. ఆటోలు, తోపుడుబళ్ళు, రోడ్డు మధ్యలో నిలబడి మాట్లాడుకునే మనుషులు, ఎటునుంచి వస్తున్నారో తెలియని సైకిళ్ళు. నాలుగు రోడ్ల కూడలి నడిమధ్యలో బండి ఆగిపోయింది. చుట్టూ హారన్లు. ఒకాయన ఇంట్లో కూర్చోక ఎందుకమ్మా నీకిదని అరిచినాడు. నాకు కిక్కు కొట్టే శక్తి కూడా లేకపోయింది. మా బావ దిగలేదు, ఆ మనిషికి బదులు చెప్పలేదు. "వాళ్ళు ఆగుతారులే, నువ్వు నూట్రలు చెయ్," అన్నాడు మెల్లగా. గేరు నూట్రలుకు తెచ్చి కిక్కు కొట్టినాను, బండి లేచింది. దాటి అవతలికొచ్చినాక పక్కకు ఆపి, చెట్టు కింద కూర్చుని కడుపారా ఏడ్చినాను. ఆయన చెరుకురసం తెచ్చి పక్కన పెట్టి, తన గ్లాసు తాగుతూ రోడ్డువైపు చూస్తూ ఉండిపోయినాడు.

కానీ నా అసలు భయం ముందున్న రోడ్డు గురించి కాదు, వెనకున్న మనిషి గురించి. మాత్రలు వేసుకుంటున్నా, ఏ క్షణంలో ఏమవుతుందో ఎవరికి తెలుసు? నాకు వీపున కళ్ళు లేవు. అందుకని పెద్దరోడ్డు ఎక్కేముందు బండి ఆపి, ఆయన పొడుగు తువ్వాలు ఇద్దరి నడుములకూ కలిపి ముడేసేదాన్ని. పడితే ఇద్దరం పడతామే అంటే, పడదాం అనేదాన్ని. అది చాలక ఇంకో షరతు పెట్టినాను. బండి కదిలినప్పటినుంచి ఆగేదాకా ఆయన మాట్లాడుతూనే ఉండాల. మాట వినబడుతున్నంతసేపూ ఆయన తెలివిలో ఉన్నట్టు నాకు గుర్తు.

మొదట్లో పాపం ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. అదిగో కొంగ, అదిగో కయ్యలో నాట్లు, ఆ గుంట ఫలానావాళ్ళది అనేవాడు. చూసినవి అయిపోయినాక చూడనివి మొదలుపెట్టినాడు. చిన్నప్పుడు వాళ్ళ నాయనకు భయపడి రాత్రంతా గడ్డివాములో దాక్కున్నది, పదోతరగతి తప్పినప్పుడు మద్రాసు రైలెక్కి దారిలో గూడూరులోనే దిగి వెనక్కొచ్చింది, నన్ను చేసుకోమంటే ముందు వద్దన్నది, ఎందుకు వద్దన్నది, మళ్ళీ ఎందుకు ఒప్పుకున్నది కూడా. అన్నేళ్ళు కాపురం చేసి నేను ఎరగని మనిషి ఆ బండి మీద నా భుజం వెనకనుంచి కొంచెం కొంచెంగా బయటికొచ్చినాడు. నేను ముందుకు చూస్తూ ఉండబట్టే చెప్పగలిగినాడేమో, మొహం మొహం చూసుకుని అయితే ఆ మాటలు వచ్చేవి కావు.

అవి కృష్ణపట్నం ఓడరేవు పనులు జోరుగా సాగుతున్న రోజులు. రాళ్ళ టిప్పర్లు, ఇనుప కమ్ములు వేలాడే లారీలు, కంపెనీ బస్సులు, వాటన్నిటి మధ్య మాబోటివాళ్ళం. ఒక మధ్యాహ్నం ముత్తుకూరు వైపు గుంటలు చూసుకుని ఆ రోడ్డు మీదే తిరిగొస్తున్నాం. ఆయన వాళ్ళ నాయన చనిపోయిన సంవత్సరం సంగతి చెబుతున్నాడు. పడవ ఒడ్డుకు లాగుతున్నారంట, అప్పుడు మా నాయన అన్నాడు గదా, అని ఆగినాడు.

తర్వాతి మాట కోసం చూసినాను. రాలేదు.

"బావా? మాట్లాడు బావా."

నా భుజానికి ఆయన గడ్డం వచ్చి కొట్టుకుంది. నడుము దగ్గర తువ్వాలు ఒక్కసారిగా బిగిసింది, బండి ఎడమవైపుకు లాగసాగింది. అద్దంలో టిప్పరు, అద్దం నిండా టిప్పరే. కాలు బ్రేకు మీద పడబోయింది. పడితే అంతే సంగతులు. అప్పుడు ఉప్పుకయ్యల దగ్గరి గొంతు చెవిలో వినబడింది, వొక్కసారే తొక్కబాక అని. యాక్సిలరేటరు వదిలేసినాను. ఎడమ ఇండికేటరు వేసినాను. బ్రేకును కొద్దిగా నొక్కి వదిలి, నొక్కి వదిలి వెనక ఎర్రలైటు వెలిగేట్టు చేసినాను. టిప్పరు హారను మోగుతూనే ఉంది, దగ్గరవుతూనే ఉంది. తారు అంచు దిగి మట్టిలోకి వచ్చినాక బండి ఇక నిలవలేదు, ఎడమకు మెల్లగా పడింది. ఇద్దరం తుంగలో పడినాం, ముడి అలాగే ఉంది.

టిప్పరు బ్రేకులు కీచుమంటూ మా వెనకనే ఆగింది. డ్రైవరు దూకి వచ్చినాడు, సూళ్ళూరుపేట అవతలి మనిషేమో, తమిళం కలిసిన మాట. బండి కింద నుంచి నా కాలు లాగి, ముడి విప్పి, మా బావను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నేను తాళాల కోసం తడుముకుంటుంటే వద్దని నా చెయ్యి పట్టుకున్నాడు. టిప్పరు అడ్డంగా ఉండబట్టి మిగతా బండ్లు దూరంగా తప్పుకుని పోతున్నాయి. ఆ కొద్దిసేపు నేను ఎన్ని దేవుళ్ళను పిలిచినానో నాకు గుర్తులేదు. "ముందే లైటు చూపించినావు, నేను బండి ఆపగలిగినాను. లేకుంటే నా వొల్ల కాదు తల్లీ," అన్నాడా డ్రైవరు.

మా బావ కళ్ళు తెరిచినాడు. ఆకాశం చూసినాడు, నన్ను చూసినాడు, పడివున్న బండిని చూసినాడు.

"ఇండికేటరు ఆపు మే. బ్యాటరీ అయిపోతాది."

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసినాను.

మాత్ర మింగితే మత్తుగా ఉండి రైతుల దగ్గర మాట తడబడుతోందని, ఆయన పూట మార్చి పూట మానేస్తున్న సంగతి తర్వాత డాక్టరు గారు అడిగితేనే బయటపడింది. మందు మార్చినారు. చాలాకాలం బండి వెనక కూడా కూర్చోవద్దన్నారు. దుకాణం వాళ్ళకు ఉన్నదున్నట్టు నేనే పోయి చెప్పినాను. తీసేస్తారనుకుంటే, ఆ పనేదో నువ్వే చూసుకురా అమ్మా అన్నారు. ఆ నెలలన్నీ నేను ఒంటరిగా గుంటల చుట్టూ తిరిగినాను, ఇంటికొచ్చి చూసింది చెబితే ఆయన మేత లెక్క చెప్పేవాడు. మా అత్త వీధి చివర నిలబడి బండి చప్పుడు వినబడ్డాకే లోపలికి పోయేది. డాక్టరు గారు సరే అన్నాక మళ్ళీ వెనక ఎక్కినాడు. ఆ జబ్బు మళ్ళీ మా ఇంటి గడప తొక్కలేదు. అయినా బండి కదిలిందంటే మాట్లాడు అనేదాన్ని, మాట్లాడేవాడు. అలా ఎన్నో ఏళ్ళు గడిచినాయి.

ఇప్పుడు నా మోకాళ్ళు బండికి సహకరించవు. మా అబ్బాయి కారు కొన్నాడు. రోడ్డు రెండింతలయింది, మధ్యలో గోడ కట్టినారు, ఎదురుబండి భయం లేదు. ఆడపిల్లలు బండ్ల మీద రివ్వున పోతుంటే తిరిగి చూసేవాళ్ళే లేరు, అది చూస్తే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. కానీ కారులో అద్దాలన్నీ మూసి, చల్లగాలి పెట్టుకుని పోతుంటే, ఎవరి మాటా ఎవరికీ అక్కర్లేదు. మావాడు ఫోనులో చెప్పిన దారిని వింటూ నడుపుతాడు. వెనక సీట్లో మేమిద్దరం, ఇన్నాళ్ళకు పక్కపక్కన, చెరొక కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాం.

పోయిన వారం నెల్లూరు నుంచి వస్తూ, ఉండబట్టలేక, "బావా, ఏమన్నా మాట్లాడు," అన్నాను.

"ఏం మాట్లాడేది మే, నిద్దరొస్తాంది," అని కళ్ళు మూసుకున్నాడు.

పడుకోనీ అమ్మా, అన్నాడు మావాడు. సరేనన్నాను. కానీ ఆయన రొమ్ము పైకీ కిందికీ మెదలడం కనబడేదాకా నేను కిటికీ వైపు తిరగలేకపోయినాను.