పిడికిలి కట్టు

రాజకుమారి దగ్గరికి నేను మోకాలి మచ్చ కోసం వెళ్ళాను. ఆపరేషన్ చేసిన డాక్టరు కుట్లు విప్పి, అంతా బాగుందన్నాడు. డాక్టర్లకు బాగుండడం వేరు, మనకు బాగుండడం వేరు. మచ్చ చుట్టూ జానెడు మేర చర్మం నాది కానట్టు ఉండేది. గిల్లినా తెలిసేది కాదు. మోకాలు వంచబోతే లోపల ఎవరో పట్టి ఉంచినట్టు ఆగిపోయేది. ముప్పై ఏళ్ళు బడిలో నిలబడి పాఠాలు చెప్పినదాన్ని, కుర్చీలోంచి లేవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. సెంటినరీ కాలనీ రోడ్డులో ఒకామె మచ్చలు బాగుచేస్తుందని షేర్ ఆటోలో పక్కన కూర్చున్నావిడ చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఆమె వృత్తి కాబోలనుకుని, నమ్మకం లేకుండానే వెళ్ళాను.

ఒకే గది. రెండు బల్లలు, మధ్యలో పాత చీరతో కుట్టిన తెర, కిటికీలో కొబ్బరినూనె సీసా. రాజకుమారికి నలభై ఎనిమిదేళ్ళు. మాట తక్కువ, నవ్వు అంతకన్నా తక్కువ. నేను పది మాటలు మాట్లాడితే ఆమె "ఊఁ" అని ఒకటి. నాలాంటి వాగుడుకాయకు ఒళ్ళు మండే సంగతే. కానీ ఆమె బొటనవేలు మచ్చ మీద పెట్టి, గట్టిగా నొక్కకుండా చర్మాన్ని కొంచెం పక్కకు జరిపి, అక్కడే ఆపి ఉంచేది. ఎంతసేపైనా ఉంచేది.

"లోపల అతుక్కున్నది టీచరమ్మా. గుంజితే రాదు. పట్టుకోని ఉంటే అదే ఇడుస్తది" అంది.

రెండు నెలలకు నేను గోడ పట్టుకోకుండా లేచాను. ఆ రెండు నెలల్లో ఆమె కథ కూడా తెలుసుకున్నాను. అడిగినదానికే జవాబు చెప్పేది. చెప్పేటప్పుడు గొంతులో హెచ్చుతగ్గులు ఉండేవి కావు. బస్సుల వేళలు చెబుతున్నట్టు చెప్పేది.

వాళ్ళ నాయిన ఎల్లన్న బాయిలోకి, అంటే భూగర్భ గనిలోకి దిగి, బొగ్గు నింపే కార్మికుడు. ముప్పై ఏళ్ళ కిందట పైకప్పు బండ ఊడి ఆయన కుడిచేతి మీద పడింది. ఎముకలు అతికాయి, అరచేతి గాయం మానింది. వేళ్ళు రోజూ ఆడించమని చెప్పి దవాఖాన నుంచి పంపేశారు. ఎల్లన్న ఇంటికి వచ్చి రెండు రోజులు ఆలోచించాడు. కార్మికుడు ఇక పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే ఆ నౌకరి కొడుక్కి దొరికే దారి ఒకటుంది. ఆ సంగతి ఈ చుట్టుపక్కల పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. అన్‌ఫిట్ అన్నది వేరే ఊళ్ళో చెడ్డ కబురు. ఇక్కడ స్వీట్లు పంచే కబురు. చెయ్యి బాగుపడితే తను మళ్ళీ బాయిలోకి దిగాలి. బాగుపడకపోతే కొడుకు సదానందం బతుకు గట్టెక్కుతుంది.

ఎల్లన్న పద్దెనిమిదేళ్ళ కూతుర్ని పిలిచాడు. "బిడ్డా, పిడికిలి మూసి గట్టిగ కట్టు. బోర్డు అయ్యేదాంక ఇప్పద్దు" అన్నాడు.

ఆమె కట్టింది. అప్పటికే పోయిన అమ్మ చీర అంచే ఆ కట్టు. రోజూ పొద్దున్నే విప్పి, చెమట తుడిచి, మళ్ళీ కట్టేది. తొమ్మిది నెలలు కట్టింది. మొదట్లో విప్పినప్పుడు వేళ్ళు కొంచెం తెరుచుకునేవి, నాయిన నొప్పికి పళ్ళు బిగబట్టేవాడు. తర్వాత తెరుచుకోవడం మానేశాయి. ఆయనా పళ్ళు బిగబట్టడం మానేశాడు. బోర్డు వాళ్ళు చూసి అన్‌ఫిట్ అన్నారు, సదానందం డ్యూటీకి ఎక్కాడు, ఇంట్లో పాయసం వండారు. ఆ పాయసం ఎల్లన్న నోటికి రాజకుమారి అందించింది. ఎడమ చేత్తో అన్నం తినడం ఆయనకు చచ్చేంత నామోషీ. అలా పదకొండేళ్ళు అందించింది.

"కోపం రాలేదా?" అని అడిగాను.

"ఎవ్వల మీద?" అంది.

నాకైతే వచ్చింది. పేరుపేరునా అందరి మీదా వచ్చింది. ఆమెకు రానందుకు ఆమె మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

ఎల్లన్న పోయిన రోజు స్నానం చేయించేవాళ్ళు ఆ చెయ్యి చాపబోతే వేళ్ళు రాలేదు. "ఉండనియ్యుండ్రి, అది గట్లనే ఉంటది" అని చెప్పింది ఆమే. ఏడుపు వస్తుందేమోనని చూసిందట. రాలేదట.

తర్వాత గోదావరిఖనిలో ఒక చిన్న ఎముకల దవాఖానలో ఆయాగా చేరింది. అక్కడ ధరణి అనే ఫిజియోథెరపీ అమ్మాయి ఒక రోగి చేతికి నూనె రాసి, మచ్చను వేళ్ళతో కదిలించడం చూసింది. మొదటి ఏడాది మచ్చ మన మాట వింటుందని, తర్వాత మొండికేస్తుందని ధరణి అతనికి చెబుతోంది. గది తుడవడానికి వచ్చిన రాజకుమారి బకెట్టుతో అక్కడే నిలబడిపోయింది. తను రోజూ విప్పి కట్టిన ఆ తొమ్మిది నెలలూ మచ్చ మాట వినే నెలలే.

"అప్పుడేమనిపించింది?" అన్నాను.

"బకెట్టు బరువనిపించింది."

మర్నాడు ధరణిని అడిగింది, తనకూ నేర్పమని. ధరణి రెండేళ్ళు పక్కన నిలబెట్టుకుని నేర్పింది, ఆపైన హైదరాబాదులో కోర్సుకు పంపింది. ఫీజు అన్న సదానందం కట్టాడు. నాయిన చేతికి బదులుగా వచ్చిన నౌకరి జీతమే అది.

మొన్నటి వానాకాలం ఒక సాయంత్రం నేను తెర ఇవతల బల్ల మీద ఉన్నాను. అవతలికి సదానందం వచ్చాడు. ఆయనకు యాభై రెండేళ్ళు. నాలుగు నెలల కిందట ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే బెల్టులో చెయ్యి పడింది. అరచెయ్యంతా కుట్లు. అదీ కుడిచెయ్యే. దేవుడికి కొత్త కథలు తోచవు కాబోలు. తెర సందులోంచి చూస్తే ఆయన జేబులోంచి ఒక గుడ్డపీలిక తీసి బల్ల మీద పెట్టాడు. చీర అంచు.

"రుద్దుడు ఒద్దు చెల్లె. కట్టు" అన్నాడు.

"ఏం కట్టాలె?"

"నాయినకు కట్టినట్టు. బోర్డుకు ఇంక అయిదు నెలలున్నది. హర్షిణికి నౌకరి ఒస్తది, ఇప్పుడు ఆడపిల్లలకు గూడ ఇస్తున్నరు. ఒక్కతే బిడ్డ, తల్లి సుత లేకపాయె. డిగ్రీ చేసి రెండేండ్ల సంది ఇంట్లనే ఉంటున్నది."

నాకు తెర లాగేసి నాలుగు దులుపుదామనిపించింది. కానీ అది నా అన్నా కాదు, నా చెయ్యీ కాదు.

"నీ కోర్సుకు గూడ ఆ నౌకరేనాయె" అన్నాడు సదానందం, దెప్పినట్టు కాదు, గుర్తుచేసినట్టు.

"అవునన్నా" అంది. "ముద్ద ఎవలు పెడ్తరు నీకు?" అంది.

"ఏంది?"

"పిడికిలి మూసుకపోతె ముద్ద ఎవలు పెడ్తరు?"

"హర్షిణి పెడ్తది."

"హర్షిణి డ్యూటీకి పోతది గదన్నా."

సదానందం ఎడమ చేత్తో గుడ్డపీలికను ఆమె వైపు జరిపాడు.

"మనం ఇద్దరం ఉంటిమి. నువ్వు డ్యూటీకి పోతివి, నేను ముద్ద పెడ్తిని. నువ్వు ఒక్కపూటన్న పెట్టినవా నాయినకు?"

గొంతు పెంచలేదు. అదే బస్సుల వేళలు చెప్పే గొంతు. వాన రేకుల మీద పడుతూనే ఉంది. సదానందం, "షిఫ్టులుండె" అన్నాడు.

"అవు. షిఫ్టులుండె."

"ఎన్నేండ్లు పెట్టినవు నువ్వు?"

"పదకొండు."

"గన్నేండ్లా" అన్నాడు. నిజంగానే తెలియనివాడిలా అన్నాడు. ఒకే ఇంట్లో ఉండి తెలియకపోవడం ఎలాగో నాకు ఇప్పటికీ అర్థం కాదు. "మరి పిల్ల సంగతేంది?" అన్నాడు.

"నాకు తెల్వదన్నా. కట్టమంటె కడ్త. ఒక్కసారి కట్టినదాన్నేనాయె. నువ్వే చెప్పు."

ఆయన కట్టమనీ అనలేదు, రుద్దమనీ అనలేదు. కుర్చీ ముందుకు జరిపి, కుడిచెయ్యి వెల్లకిలా బల్ల మీద పెట్టాడు. వేళ్ళు అప్పటికే సగం ముడుచుకుని ఉన్నాయి. రాజకుమారి చీర అంచును నాలుగు మడతలు వేసి మణికట్టు కింద పెట్టింది. నూనె రాసి, బొటనవేలు మచ్చ మీద ఆనించి, కొంచెం పక్కకు జరిపి ఆపింది.

"తెలుస్తున్నదా?" అంది.

"ఏం తెలుస్తలేదు."

"నాకు గూడ ఏం తెలుస్తలేదు" అంది బొటనవేలు తీయకుండా. "నాయినకు కట్టినప్పటి సంది. రేపు మళ్ల రా."