నేను కనిపెట్టిన నిద్రరోగం

మూర్ఛరోగాల్లో ఒక కొత్త రకాన్ని కనిపెట్టి, దానితో పేరు కొట్టేయబోయి ఎలా బోర్లా పడ్డానో చెబుతాను. నవ్వుకోండి గానీ, నా విద్యార్థుల చెవిన మాత్రం వేయకండి.

ఎనభైల మొదట్లో కరీంనగర్‌లో కొత్తగా బోర్డు కట్టిన నరాల డాక్టర్ని నేను. చదువు నెత్తికెక్కి దిగనంటున్న వయసు. మందులకు లొంగని మూర్ఛ, వంశంలో పారే మూర్ఛ రెండూ ఒకే ఇంట్లో దొరికితే, హైదరాబాదు డాక్టర్ల సభలో పత్రం చదివి పెద్దవాణ్ణయిపోవాలని నా ఆశ. దొరికింది. సుల్తానాబాద్ పక్క ఊళ్లో నర్సవ్వ ఇల్లు.

నర్సవ్వ మనవడు రాజేశానికి ఫిట్స్. తాతకూ ఉండేవట, చిన్నాయనకూ చిన్నప్పుడు వచ్చేవట. నాకింకేం కావాలి? మొదటిరోజే చేతులు తిప్పుతూ నర్సవ్వకు పాఠం చెప్పాను.

"ఇది ఒక్క రాజేశం బీమారి కాదవ్వా. మీ ఇంటి బీమారి. నెత్తుర్లనే ఉన్నది."

ఆమె గంభీరంగా తలూపింది. ఎంత బాగా చెప్పానో అని మురిసిపోయాను.

రాజేశం బాధ వేరు. "సారూ, ఫిట్స్ తగ్గితె రైస్ మిల్లుల పనిల పెట్టుకుంటమన్నరు. జర సూడుండ్రి" అని వచ్చినప్పుడల్లా బతిమాలేవాడు. మాత్రలు రాశాను. తగ్గలేదు. పెంచాను. తగ్గలేదు. నిజం చెప్పొద్దూ, లోలోపల నాకు సంతోషంగానే ఉండేది. మందుకు లొంగని మూర్ఛ మరి!

పైగా వంశవృక్షం గీయడానికి వెళితే ఆ ఇంట్లో ఇంకో వింత. రాజేశం తండ్రి పట్టపగలు అరుగు మీద కునికిపాట్లు. మేనత్త బీడీలు చుడుతూ చుడుతూ చాట మీదికే వాలిపోయేది. 'వంశపారంపర్య నిద్రమత్తుతో కూడిన మొండి మూర్ఛ' అని నామకరణం చేసేశాను. అక్కడ చాయ్ తాగి బస్సెక్కితే నాకూ కన్నంటుకునేది. కరీంనగర్‌లో దిగాల్సినవాణ్ణి కళ్లు తెరిస్తే సిద్దిపేట! పరిశోధకుడి అలసట అనుకుని గర్వపడ్డాను కూడా.

సభకు ముందు వంశవృక్షం పూర్తి చేద్దామని మళ్లీ వెళ్లాను. నర్సవ్వ చాయ్ ఇచ్చింది. సగం తాగి చూద్దును కదా, ఇల్లరికపు అల్లుడు గుంజకు ఆనుకుని గురక పెడుతున్నాడు. నా కలం ఆగిపోయింది.

"అవ్వా, అల్లుడు మీకు మేనరికమా?"

"ఏడి మేనరికం బిడ్డా! మంచిర్యాల పిలగాడు. పెండ్లికి ముందు మొకం గూడ ఎరుగం."

"మరి ఇతనెందుకు నిద్రవోతుండు?"

"గోలి ఏసిన గదా."

"ఏం గోలి?"

"రాజేశానికి నువ్విచ్చిందే. ఇంటి బీమారి అని నువ్వే అంటివి. ఇంటి బీమారికి మందు ఒక్కనికే ఏస్తమా? నూరి అందరి చాయ్‌ల కలుపుతున్న."

"రాజేశానికెంత?"

"అందరితోని సమానం. మనవడని ఎక్కువెయ్య."

"మరి నువ్వు?"

"నేను పంటె పంచేదెవరు?"

నేను మోతాదు పెంచినప్పుడల్లా పెరిగింది ఇంటిల్లిపాది నిద్ర. రాజేశానికి అందింది చిటికెడు. మందు ఎలా వేసుకుంటున్నావని ఆ పిల్లవాణ్ణి ఒక్కనాడూ అడగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. తల దించితే చేతిలో గ్లాసు కనిపించింది.

"అవ్వా... గీ చాయ్‌ల?"

"కలిపిన బిడ్డా. గిన్ని దినాలసంది మా ఇంట్ల తాగుతున్నవు. నువ్వు మాత్రం ఇంటోనివి కావా?"

ఆ రోజు కూడా సిద్దిపేటలోనే దిగాను.

సభకు వెళ్లలేదు. మోతాదు సరిచేసి, మాత్రలు రాజేశం చేతికే ఇచ్చాను. ఫిట్స్ ఆగాయి. కొన్నాళ్లు చూసి మిల్లువాళ్లు పనిలో పెట్టుకున్నారు. నా మొండి మూర్ఛకు, నిద్రరోగానికి ఒకేసారి నూకలు చెల్లాయి.

అందుకే నాడి పట్టే చేతితో ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఏ మూర్ఛనైనా మొండిదనే ముందు, మందు ఎవరి కడుపులోకి పోతోందో కనుక్కుంటాను. రోగి ఇంట్లో మంచినీళ్లే తాగుతాను. సిద్దిపేట చూడాలనిపిస్తే అక్కడికే టికెట్ కొనుక్కుని, మేలుకునే వెళతాను.