వరండా ఎందుకు

కొత్త ఇంటికి ఎవరు పిలిచినా రాజలింగు ముందు లోపలికి పోయేవాడు కాదు. గడప బయటే నిలబడి, గోడకు అరచేయి ఆనించి, నాలుగుసార్లు తట్టి చూసి, అప్పుడు చెప్పులు విడిచేవాడు. బొగ్గు కంపెనీ క్వార్టర్లకు మరమ్మతులు చేసే మేస్త్రీగా బతుకంతా గడిపాడు. నస్పూర్‌లో ఆయన తాపీ ఆడని వీధి లేదు. ఉద్యోగం అయిపోయాక సిమెంటు దుమ్ము ఊపిరితిత్తుల్లో మిగిలింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

ఆ వానాకాలం కూతురు నిఖిత హైదరాబాద్ నుంచి వచ్చి, తండ్రిని చూసుకుంటూ ఇంటి నుంచే పని చేసింది. జవాన్ల కుటుంబాలకు కట్టే ఇళ్ల ప్రమాణాలను సమీక్షించి, ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చో చెప్పే పని ఇళ్ల ప్లాన్లు గీసే ఆమె సంస్థకు వచ్చింది. ఏది ఉండాలో, ఏది అక్కర్లేదో, ఎందుకో రాయాలి. కొడుకు సిద్ధు సరిహద్దులో జవాను. అందుకే రాజలింగుకు అది సొంత ఇంటి పనిలాగే తోచి, కూతురి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"టేకు తలుపులు తీసేసిన బాపు."

"తియ్యి. ఇప్పుడొచ్చే టేకు టేకు కాదు."

"స్లాబు ఎత్తు అడుగు తగ్గిద్దామంటున్రు."

"అడుగు వద్దు. అర్ధడుగు చాలు. ఎండకాలం ఉడికిపోతరు పిల్లగాళ్లు."

"గోడల మందం?"

"తగ్గియ్యి. మిలిటరోళ్ల ఇల్లని తోపు గుండ్లకు ఆగాల్నా ఏంది?"

వంటింట్లోంచి భార్య బాలలక్ష్మి గొంతు వినిపించింది. "తండ్రి, బిడ్డ కలిసి ఇల్లంత తీసేసేటట్టున్నరు. పొయ్యి పెట్టుకునే జాగన్న ఉంచుండ్రి."

నిఖిత నవ్వింది. రాజలింగు నవ్వబోయి దగ్గాడు.

"ఇగ ముందు వరండా," అంది నిఖిత. "గిది తీసేస్తే మస్తు మిగులుతది. వేల ఇండ్లు కదా."

"అది ఉండనియ్యి."

"ఎందుకు బాపు?"

రాజలింగు కిటికీలోంచి తమ వరండా వైపు చూశాడు. ఆయన చిన్నప్పుడు బొగ్గుబాయిలో పైకప్పు బండ కూలి తండ్రి గంగయ్య పోయాడు. ఆ రోజు వాన ఆగకుండా పడుతోంది. బయట ప్రాణం పోయిన మనిషిని గడప దాటించి ఇంట్లోకి తీసుకురారు. మోసుకొచ్చినవాళ్లు గంగయ్యను క్వార్టరు ముందు వరండాలో పడుకోబెట్టారు. తల దగ్గర దీపం ఆరకుండా తల్లి కొంగు అడ్డం పట్టుకుంది. అదే బండ కింద పోయిన ఇంకొకాయనది వరండా లేని అద్దె ఇల్లు. ఆయనను రోడ్డు మీదే, టార్పాలిన్ కింద ఉంచారు. నీళ్లు పారుతుంటే ఇటుకలు పేర్చి, వాటి మీద తలుపుచెక్క వేసి పడుకోబెట్టారు.

జవాను ఇంటికి వరండా ఎందుకో రాజలింగుకు తెలుసు. కానీ ఆ మాట నోట రావాలంటే, ముందుగా ఆ వరండాలో కనిపించేది సిద్ధు.

"చెప్పులు విడిచేటందుకు," అన్నాడు.

"తలుపు పక్కన స్టాండు పెట్టుకుంటరు."

"బట్టలు ఆరేస్తరు."

"వెనకకు జాగ ఉంది."

"ఎవలన్న వస్తే కూసుంటరు."

"లోపలనే కూసుంటరు. గట్టి కారణం చెప్పు బాపు, రాస్త. పై సార్లు అడుగుతరు. ఇయ్యాల పొద్దుగూకేలోపల పంపాలె."

బాలలక్ష్మి పిండి చేతులతో వంటింటి గడపలోకి వచ్చింది. భర్త ముఖం చూసి, వద్దన్నట్టు కొద్దిగా తల ఊపింది.

మధ్యాహ్నం సిద్ధు ఫోన్ చేశాడు. "బాపు, అక్క గీసిన ఇంట్లనే నాకు క్వార్టర్ వస్తదేమో. వంటిల్లు పెద్దగ పెట్టుమను."

"చలి ఉందా బిడ్డా?"

"జర ఉంది. ఫికర్ చెయ్యకు."

ఫోన్ పెట్టేసి రాజలింగు కూతురి వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఆ వరండా..."

"చెప్పు బాపు."

"ఏం లేదు. చాయ తాగుతవా?"

పొద్దు వాలుతుండగా నిఖిత కంప్యూటర్ మూసింది. "పంపిన. వరండా తీసేసిన."

రాజలింగు తల ఊపాడు. కిటికీ అవతల వరండాలో చీకటి పడింది. తర్వాత నిఖిత తండ్రి వైపు తిరగకుండానే అంది. "తాతను వరండాలనే పండవెట్టిన్రని బాపమ్మ నాకు చెప్పింది."

రాజలింగు శ్వాస వినిపిస్తోంది.

"నువ్వు చెప్పకపోయినా అదే కారణం రాసిన బాపు. రాసినంక తమ్ముడు యాదికొచ్చిండు. తుడిపేసిన."

ఆయన చేయి చాచి కూతురి తల మీద పెట్టాడు. బాలలక్ష్మి వచ్చి లైటు వేసింది. "చీకట్ల ఏం కూసున్నరు?" అంది.

రెండో ఏడు సిద్ధు బదిలీ అయి, కొత్త క్వార్టర్‌లో దిగి ఫొటో పంపాడు. తలుపును ఆనుకునే రోడ్డు. వాడు ఎండకు నుదుటి మీద చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నాడు. రాజలింగు ఫొటోను దగ్గరగా, దూరంగా పట్టి చూశాడు.

"గోడ మంచిగ లేపిన్రు," అని ఫోన్ బాలలక్ష్మికి ఇచ్చేశాడు.