చిన్నమ్మ చూసిన ఇటలీ

వచ్చే ఏడు రిటైరయ్యాక ఉండడానికి ఇటలీలో ఒక కొండ ఊరు చూసి, పోయిన వారమే బీదర్‌కు తిరిగొచ్చాను. ఈ రోజు చింతకి అనే పల్లెలో మా చిన్నమ్మ ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని, ఇటలీలో తీసిన వీడియో ఆమెకు చూపించాను. రాతి ఇళ్లు, పూలకుండీలు, కింద లోయ. ఇల్లు చవక అని కూడా చెప్పాను.

రెండు నిమిషాలు చూసి చిన్నమ్మ గొంతు తగ్గించింది.

"ఎవలు సచ్చిపోయిన్రు బిడ్డా?"

"ఎవలు సచ్చిపోలే చిన్నమ్మా. ఆ ఊర్ల జనమే తక్కువ."

"పట్టపగలు గల్లీల ఒక్క మనిషి లేడు. తలుపులన్ని ఏసున్నయి. అందరు పీనుగు ఎంబడి పోయిన్రు."

నాకు నవ్వొచ్చింది. అంతలో వీడియోలో చర్చి గంట మోగింది, ఒక్కో దెబ్బకూ మధ్య చాలాసేపు ఆగుతూ. ఇల్లు చూపిస్తున్న ఏజెంటు టోపీ తీసి, తల వంచి నిలబడ్డాడు. ఆ రోజు నేను చెమట తుడుచుకుంటున్నాడనుకున్నాను. గంట ఆగాక టోపీ పెట్టుకుని, వంటగది చూద్దాం రమ్మన్నాడు.

చిన్నమ్మ ఫోను నా చేతిలో పెట్టి, లేచి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"సావు కాడికి పోయొచ్చినవు. కాళ్లు కడుక్కోని లోపలికి రా."

కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లాను. ఇల్లు తీసుకుంటారా అని సాయంత్రం ఏజెంటు మెసేజ్ పెట్టాడు. ఆ గంట ఎవరి కోసం మోగిందని టైపు చేసి చెరిపేశాను. అడగనా, వద్దా? మీరే చెప్పండి. ఏళ్లుగా ఖాళీగా ఉందని ఏజెంటు చెప్పిన ఆ ఇంట్లో, ఆ రోజు పొయ్యి మీద ఊరికే చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.