ఎడమకు లాగే సైకిలు

సైకిలు ఎడమకు లాగుతోందని మాస్టారు ఇంట్లో ప్రకటించినప్పుడు ఎవరూ పెద్దగా చెవిన పెట్టలేదు. భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. కూతురు అద్దం ముందు జుట్టుతో కుస్తీ పడుతోంది. ఆ సైకిలు రోగాల గురించి వాళ్ళు ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నారు.

“ఈసారి ఫ్రేమే వంగినట్టుంది,” అన్నాడు కాస్త గొంతు పెంచి. “కొత్తది వేయించాలేమో.”

“వేయిస్తే పాతది నాకిచ్చెయ్ నాన్నా,” అంది కూతురు, అద్దంలోంచి చూపు తిప్పకుండానే.

“వంకర సైకిలు నీకెందుకే?”

“నేనూ వంకరగా కూర్చుంటాలే. ఇద్దరం కలిసి తిన్నగా పోతాం.”

అతను పగలబడి నవ్వాడు. భార్య నవ్వలేదు. ఆమె చేతిలో అతని ప్యాంటు ఉంది. దాని ఎడమ కాలు అంచు నేలకు రాసుకుని రాసుకుని చిరిగి పోగులు వేలాడుతున్నాయి. కుడి కాలు అంచు కుట్టిననాటి మడతతో అలాగే ఉంది.

మాస్టారంటే బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు, కటింగ్ మాస్టారు. కాస్త పేరున్న దర్జీ దుకాణం. అందులో గుడ్డ మీద కత్తెర పెట్టే హక్కు అతనొక్కడిదే. మిగతావాళ్ళంతా కుట్టేవాళ్ళు. మనుషుల ఒళ్ళు ఈయనకు తెలిసినట్టు వాళ్ళ పెళ్ళాలకు కూడా తెలియదని కుట్టేవాళ్ళు వెనకాల ఎగతాళి చేసేవాళ్ళు. అందులో అబద్ధం లేదు. ఎవరి భుజం ఒకవైపు జారిందో, ఎవరి వీపు గూని పడుతోందో టేపు తీయకముందే పట్టేసేవాడు. పట్టేసినా పైకి అనేవాడు కాదు. జారిన భుజం కింద ఒక పొర మెత్త ఎక్కువ వేయించి, కాస్త ఆగి, గొంతు సవరించుకుని, “ఈ గుడ్డ కొంచెం సాగే రకమండీ, సర్దాను” అనేవాడు. తప్పు ఎప్పుడూ గుడ్డ మీదకే తోసెయ్యండిరా, మనిషి మీద వెయ్యకండి అని కుట్టేవాళ్ళకు చెప్పేవాడు. ఖాతాదారు అద్దంలో చూసుకుని, తనకు ఏ లోపమూ లేదనుకుని సంతోషంగా వెళ్ళేవాడు.

ఇంకో సంగతి. ప్యాంటుకు కొలతలు తీసేటప్పుడు ఈ పనివాళ్ళు ఒక్క కాలే కొలుస్తారు. గుడ్డను రెండు మడతలేసి ఒకేసారి కోస్తారు కాబట్టి రెండో కాలితో వాళ్ళకు పనిలేదు. తెలియనివాళ్ళెవరైనా రెండో కాలు కూడా ముందుకు చాపితే, “అది దీనికి కవలేనండీ, దాన్నెందుకు ఇబ్బంది పెట్టడం” అని మాస్టారు నవ్వించేవాడు. ఇక తన ప్యాంట్లకైతే ఆ ఒక్క కాలి కొలత కూడా లేదు. పెళ్ళినాటి అట్ట నమూనా ఒకటి మేకుకు వేలాడుతూ ఉండేది. దాన్ని గుడ్డ మీద పరిచి చుట్టూ సుద్ద గీసి కోసుకునేవాడు. మనుషులందరి ఒళ్ళూ చదివిన మనిషి తన ఒంటి మీద టేపు పెట్టుకున్న పాపాన పోలేదు.

వారమంతా బల్ల మీద వంగి పనిచేసే మనిషికి సెలవు రోజు వస్తే చాలు, ప్రాణం లేచి వచ్చేది. తెల్లవారుతూనే సన్న చక్రాల రేసు సైకిలెక్కి, సైకిళ్ళ మెకానిక్‌తో కలిసి ఊరి బయట రోడ్డు పట్టుకుపోయేవాడు. వాళ్ళకు చుట్టరికం ఏమీ లేదు. రోడ్డు మీద కలిశారు, రోడ్డు మీదే బావా బావా అనుకోవడం మొదలుపెట్టారు. ఆ ఉక్కు ఫ్రేము కూడా మెకానిక్కే వయసులో ఉన్నప్పుడు మాస్టారు కాళ్ళు, చేతులు కొలిచి తెప్పించాడు. సైకిలుకు ఒళ్ళంటే ఫ్రేమే. చక్రాలు, గొలుసు, సీటు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఫ్రేము మార్చామంటే ఇక అది ఆ సైకిలు కాదు. అందుకే మాస్టారు మొదట బూట్లు మార్చాడు, ఎడమ పాదం పెడల్ మీద నిలవడం లేదని. తర్వాత పెడళ్ళు మార్చాడు. తర్వాత సీటు. ఇంట్లో గుమ్మం దగ్గర తట్టుకుని పడబోతే గుమ్మంలో పరిచిన పట్టా తీసి బయట పారేశాడు. మార్చగలిగినవన్నీ మార్చాడు, ఇక మిగిలింది ఫ్రేమే.

ఇదంతా భార్య చూస్తూనే ఉంది. ఆమెకు ఇలాంటిది చూడటం ఇదే మొదటిసారి కాదు, అదీ ఆమె భయం.

మాస్టారు తండ్రి ఇళ్ళకు రంగులు వేసేవాడు. నిచ్చెన మీద పిల్లిలా తిరిగేవాడు. ఒక ఏడాది ఉన్నట్టుండి చెప్పులను తిట్టడం మొదలుపెట్టాడు. ఎడమ చెప్పు జారిపోతోందని, చెప్పులు కుట్టేవాళ్ళకు చేతకాదని. ఒక జత పారేసి ఇంకో జత, అది పారేసి మరో జత. ఈయనకు చెప్పుల కొట్లో ఇంకో సంసారం ఉందేమోనని మాస్టారు తల్లి అందరి ముందూ ఆట పట్టించేది. అప్పటికి కొత్త కోడలైన ఈమె కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చివరికి ఆయన నిచ్చెన మీంచి పడ్డాక డాక్టరు ఆయన కాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టి చూపించాడు. ఎడమ పిక్క చిక్కి సగమైంది. కండ కరిగిపోయే జబ్బు, మందు లేదు, రక్తంలో వస్తుంది, పిల్లలకు రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆ తర్వాత కర్ర, కర్ర తర్వాత కుర్చీ, కుర్చీ తర్వాత మంచం. ఆఖరున చెంచా పట్టుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు. వాడని చెప్పుల జతలు తలుపు వెనక వరసగా అలాగే ఉండిపోయాయి.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆమె ప్యాంటు తెచ్చి అతని ముందు పెట్టింది.

“ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్దామండీ.”

“సైకిలు వంగితే డాక్టరేం చేస్తాడే?”

“మామయ్యగారు ఎన్ని జతల చెప్పులు మార్చారో మీకు గుర్తులేదా?”

అంతే, ఒంటికాలి మీద లేచాడు. నోటికి ఎంత మాటొస్తే అంత మాట అన్నాడు. తన చావు కోసం కాచుక్కూర్చుందన్నాడు. ఆమె కళ్ళు తుడుచుకుంటూ గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. మనిషికి భయం వేస్తే భయపడొచ్చు కదా, కోప్పడటం దేనికి! కానీ మగవాళ్ళలో చాలామందికి ఆ రెండింటికీ తేడా తెలియదు, మాస్టారుకు అసలే తెలియదు.

మర్నాడు పొద్దున్నే సైకిలు తీసుకుని మెకానిక్ దగ్గరికి పోయాడు. ఫ్రేము వంగిందని తేలితే భార్య నోరు మూతపడుతుంది. తన నోరు కూడా.

“దారం తెచ్చావా బావా?” అన్నాడు మెకానిక్, చక్రాలు ఊడదీసి ఫ్రేమును స్టాండుకు బిగిస్తూ.

“దర్జీవాణ్ణి, దారం లేకుండా వస్తానా?”

ఆ పరీక్ష చాలా తేలిక. వెనక చక్రం బిగించే చోట ఒకవైపు దారం కట్టి, ముందుకు లాగి, హ్యాండిల్ కింది గొట్టం చుట్టూ తిప్పి, వెనక్కి తెచ్చి రెండోవైపు కట్టాలి. సీటు కింది గొట్టం ఆ రెండు దారాల నడుమ నిలబడి ఉంటుంది. అటు ఎంత ఖాళీ ఉందో ఇటూ అంతే ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు. లేకపోతే వంగినట్టు. ఇందులో వాదనకు చోటులేదు.

మాస్టారు ముందువైపు దారం జారకుండా పట్టుకుని నిలబడ్డాడు. మెకానిక్ వెనక గొంతుక్కూర్చుని చిన్న స్కేలు ఒకవైపు పెట్టి చూశాడు. రెండోవైపు పెట్టి చూశాడు. మళ్ళీ మొదటివైపు పెట్టాడు. నిలబడ్డ చోటినుంచి మాస్టారుకు అతని బట్టతల తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆ తల మెల్లగా లేచింది. చూపు స్టాండు కిందుగా వచ్చి మాస్టారు బూట్ల దగ్గర ఆగింది. ఎడమ బూటు ముందు భాగం నేలకు ఈడ్చి ఈడ్చి తోలు ఊడిపోయి ఉంది.

“ఏమైంది బావా?”

మెకానిక్ కాస్త ఆగి, గొంతు సవరించుకున్నాడు. “వంగింది బావా.”

“ఎటు?”

“ఎడమకే, నువ్వన్నట్టే.”

“ఎంత?”

“ఎంతో కాదులే, కొంచెం. పాత ఉక్కు కదా. కొత్తది వేసుకుంటే నీకే మంచిది.” అంటూనే దారం విప్పి గబగబా చుట్టేశాడు.

గుడ్డలో పోగంత తేడా వస్తే కుట్టేవాళ్ళ ప్రాణం తోడేసే మనిషి, ఆ స్కేలు ఒకసారి నన్ను చూడనీ అని అడగలేదు. మాట ముందు ఆ కాస్త ఆగడం, ఆ గొంతు సవరించుకోవడం అతను ఎరగనివి కావు. భుజం జారినవాళ్ళ ముందు రోజూ తను చేసేదే. ఎరిగి కూడా, “నేను చెప్పలేదా! నేను చెప్పలేదా!” అని మెకానిక్ వీపు మీద చరిచి, అక్కడికక్కడే తేలికైన కార్బన్ ఫ్రేము తెప్పించమన్నాడు.

ఇంటికొచ్చి చెప్పగానే భార్య కుర్చీలో కూలబడింది. “నిజంగానా? ఆయనే చెప్పాడా? దారం కట్టి చూశాడా?” అని పదే పదే అడిగింది. అతను పదే పదే అవునన్నాడు. ఆమె వెక్కి వెక్కి ఏడ్చి, తర్వాత తనలో తనే నవ్వుకుని, రాత్రి తనన్న మాటలకు క్షమించమని అడిగింది. ఆమె అలా అడుగుతుంటే అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కొత్త ఫ్రేము నల్లగా నిగనిగలాడుతూ వచ్చింది. ఒక్క వేలితో లేపి కూతురికి చూపించాడు. మొదటిరోజు బాణంలా దూసుకుపోయింది. రెండో సెలవు రోజుకు ఎడమకు లాగడం మొదలుపెట్టింది. కొత్తది కదా, అలవాటు పడాలి అనుకున్నాడు. కాస్త కుడికి ఒరిగి కూర్చున్నాడు. ఇంకాస్త ఒరిగాడు.

ఈలోపు కూతురు ఊరుకోలేదు. మెకానిక్ దుకాణం చుట్టూ తిరిగి తిరిగి, పాత ఫ్రేముకు అక్కడున్న చక్రాలేవో వేయించుకుంది. ఒక సాయంత్రం దాన్నెక్కి ఇంటికి వచ్చింది. మెకానిక్ కూడా వెంట వచ్చి దూరంగానే ఆగిపోయాడు. ఇంటి ముందు రోడ్డు వంతెన మీదనుంచి వాలుగా దిగుతుంది. ఆ పిల్ల వంతెన పైదాకా తొక్కుకుంటూ పోయి, వెనక్కి తిరిగి, దిగడం మొదలుపెట్టింది. సగం దిగాక హ్యాండిల్ వదిలేసి రెండు చేతులూ చాపింది.

సైకిలు ఇసుమంతైనా పక్కకు పోలేదు. రోడ్డు మధ్య తెల్లగీత పట్టుకుని, మాస్టారు సుద్దముక్కతో గీసినంత తిన్నగా వచ్చి ఇంటి ముందు ఆగింది.

“నాన్నా, వంకరన్నావే! చేతులు వదిలేసినా కదలట్లేదు చూడు!”

గుమ్మంలో నిలబడ్డ భార్య ఒక్కసారి సైకిలును చూసింది, ఒక్కసారి భర్తను చూసింది. తలుపు పట్టుకుంది. మెకానిక్ తల దించుకుని తన సైకిలు గొలుసు కేసి చూస్తున్నాడు.

“మెకానిక్ మావయ్య సరిచేశాడులేమ్మా,” అన్నాడు మాస్టారు, కాస్త ఆగి, గొంతు సవరించుకుని.

“బావా, ఆరోజు నేను...” అని దగ్గరికొచ్చాడు మెకానిక్.

“తెలుసులే. నేనైనా అదే చేసేవాణ్ణి.”

వంగింది తనే. కాళ్ళల్లోంచి సత్తువ కారిపోతోంది, దాన్ని ఏ ఫ్రేమూ ఆపదు. కర్ర, కుర్చీ, మంచం. వరస అతనికి కంఠస్థం. తండ్రికి అన్నం తినిపించిన చేతులు అతనివే. రేపు ఈ చేతులు కత్తెర కూడా పట్టలేవు. ఇన్నాళ్ళూ కాలిని వదిలేసి సైకిలును తిట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కూతురికి ఇవేమీ పట్టలేదు. సైకిలు లోపల పెట్టి, ఉరుకుతూ వచ్చింది. “తొక్కేటప్పుడు ప్యాంటు గొలుసులో పడుతోంది నాన్నా. పిక్కల దగ్గర బిగుతుగా ఉండేది ఒకటి కుట్టిపెట్టవూ?”

అతను టేపు తీసి నేల మీద కూర్చున్నాడు. ఆ పిల్ల స్టూలు మీద కుడికాలు పెట్టింది. పిక్క చుట్టూ టేపు తిప్పి అంకె చూశాడు. లేవాల్సిన మనిషి లేవలేదు.

“ఆ కాలు కూడా పెట్టమ్మా.”

“అదెందుకు? అది దీనికి కవలేగా?” అంది అతని గొంతుతోనే, నవ్వుతూ.

“పెట్టమ్మా.”

ఎడమ పిక్క కొలిచాడు. మళ్ళీ కుడిది కొలిచాడు. మళ్ళీ ఎడమది. గుమ్మంలోంచి భార్య, “ఎంతండీ?” అంది. ఆ గొంతు ఎవరిదోలా ఉంది.

“ఒకటే,” అన్నాడు. “రెండూ ఒకటే.”

ఆమె కళ్ళు మూసుకుంది. అతను మూసుకోలేదు. ఈ పిల్ల వయసులో తనవీ ఒకటే ఉండేవి. తన తండ్రివీ ఒకటే ఉండి ఉంటాయి, నిచ్చెన మీద పిల్లిలా తిరిగినవాడికి.

“అయిపోయిందా నాన్నా?”

“అయిపోయిందమ్మా,” అన్నాడు గాని, ఆ కాలి చుట్టూ ఉన్న టేపు వదల్లేదు.